పొద్దున్నే మొరాయించే పాత డీజిల్ పికప్: పానా పెట్టే ముందు చూడాల్సినవి

(ఐటీఐ మెకానిక్ డీజిల్ ట్రేడ్ విద్యార్థులు, సొంత బండి నడుపుకునే డ్రైవర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో మెకానిక్ డీజిల్ ట్రేడ్ పిల్లలు కూర్చున్నారు, వెనక సొంత బండి పెట్టుకుని కిరాయిలకు తిరిగే అన్నలు ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చే విషయం ఒక్కటే తీసుకున్నాను. పాత డీజిల్ పికప్ స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంటే లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా? టాటా 207 డీఐ, పాత మహీంద్రా పికప్‌లు, క్యాంపర్లు, ప్యూజో ఇంజన్ ఉన్న పాత జీపులు, ఇలాంటి బండ్ల గురించే మాట్లాడతాను. వీటిలో డీజిల్‌ను ఒత్తిడితో తోసే పంపు, దాన్ని సిలిండర్‌లోకి చల్లే నాజిళ్లు అన్నీ మెకానికల్‌గా పనిచేస్తాయి, కంప్యూటర్ ఉండదు.

పొద్దున్నే స్టార్ట్ కాని బండి షెడ్డుకొస్తే మనవాళ్ల నోట మొదట వచ్చే మాట "పంపు దించాలి", లేకపోతే "ఇంజన్ బోరుకొచ్చింది". కూరగాయలో పాలక్యాన్లో తోలుకునే మనిషికి ఆ ఒక్క మాటతో నెల రోజుల కిరాయి పోతుంది. నిజంగానే పంపు పోయిన బండ్లు ఉంటాయి, ఇంజన్ అరిగినవీ ఉంటాయి. కానీ ఆ సంగతి తేల్చుకోకుండా విప్పకూడదు. ఎందుకంటే లోపం తన గుర్తులు తానే చూపిస్తుంది, మనం పానా పెట్టగానే వాటిలో సగం చెరిగిపోతాయి. డీజిల్ పైపు విప్పారనుకోండి, లోపలికి ఎయిర్ దూరుతుంది. ఆ ఎయిర్ రాత్రే చేరిందా, ఇప్పుడు మనమే పెట్టామా అన్నది ఇక ఎవరికీ తెలియదు. నేను ఈరోజు చెప్పే ప్రతిదీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందు సూత్రం చూద్దాం, క్లుప్తంగా. డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ లేదు. గాలిని నొక్కితే పుట్టే వేడే దానికి నిప్పు. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం చేతికి కాలుతుంది కదా, అదే ఇక్కడా జరుగుతుంది. డీజిల్ నేరుగా సిలిండర్‌లో పడే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్‌లో గాలి సుమారుగా 17, 18 వంతుల నుంచి ఒక వంతుకు నలుగుతుంది. ముందు ఒక చిన్న గదిలో డీజిల్ పడే పాత ప్రీ-చాంబర్ ఇంజన్లలో 21, 22 వంతుల దాకా ఉంటుంది. కాగితం మీద లెక్క వేస్తే ఆ గాలి 600 డిగ్రీల సెల్సియస్ దాటాలి. నిజంగా అంత రాదు. చల్లగా ఉన్న సిలిండర్ గోడలు వేడిని లాగేస్తాయి, రింగుల పక్కనుంచి కొంత గాలి జారిపోతుంది. డీజిల్ 250 డిగ్రీల లోపే తనంతట అంటుకుంటుందని పుస్తకాల్లో ఉంటుంది. కానీ ఇంజన్ లోపల దానికి దొరికేది కొన్ని మిల్లీసెకన్లే. అంత తక్కువ టైములో అంటుకోవాలంటే వేడి అంతకన్నా చాలా ఎక్కువ ఉండాలి.

దీన్నిబట్టి గాలి గట్టిగా నలగాలి, త్వరగా నలగాలి, సరిగ్గా ఆ క్షణానికి డీజిల్ సన్నటి తుంపరగా పడాలి. "త్వరగా" అన్నమాటను చాలామంది పట్టించుకోరు. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే నలిగిన గాలికి చల్లారడానికి, జారిపోవడానికి రెట్టింపు టైము దొరుకుతుంది. అందుకే రింగులు బాగున్న ఇంజన్ కూడా సెల్ఫ్ బలంగా తిరక్కపోతే స్టార్ట్ కాదు. అదే బండిని నలుగురు తోస్తే టక్కున అందుకుంటుంది. యజమాని వచ్చి "తోస్తే అయిపోతోంది" అంటే అది మీకు పెద్ద ఆధారం. డీజిల్ వస్తోందనీ, వేగమో కంప్రెషనో (గాలి నలగడం) చాలడం లేదనీ ఆయన తనకు తెలియకుండానే చెప్పేశాడు.

బండి రాగానే మీరు చేయాల్సిన మొదటి పని మాట్లాడటం. ఎప్పుడు మొరాయిస్తోంది? రాత్రంతా ఆగితేనా? మధ్యాహ్నం వేడి మీద, టీ తాగడానికి ఆపి మళ్లీ ఎక్కినప్పుడా? చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా ఒకటేనా? ట్యాంకులో డీజిల్ తక్కువ ఉన్నప్పుడు ఎక్కువ ఇబ్బంది పెడుతోందా? ఈ మధ్య ఫిల్టర్ మార్చారా, పైపు ఏదైనా విప్పారా? చాలాసార్లు కథ అక్కడే మొదలవుతుంది. డ్రైవర్ అన్నలూ, ఈ జవాబులు మీ దగ్గరే ఉంటాయి, మెకానిక్ అడక్కపోయినా మీరే చెప్పండి.

తర్వాత ఒక మనిషిని సెల్ఫ్ కొట్టమని మీరు సైలెన్సర్ దగ్గర నిలబడండి. పొగ చూడాలి. ఇది డబ్బు ఖర్చులేని పరీక్ష, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది. ఇంజన్ బాగా తిరుగుతోంది, అయినా సైలెన్సర్ నుంచి ఏ పొగా రావడం లేదంటే సిలిండర్‌లోకి డీజిల్ చేరడం లేదు. అప్పుడు కంప్రెషన్ గురించి, చల్లటి ఇంజన్‌ను లోపల వేడిచేసే హీటర్ ప్లగ్‌ల గురించి ఆలోచించడం అనవసరం. ట్యాంకు నుంచి నాజిల్ దాకా వెతకాలి. తెల్లటి పొగ వస్తోంది, డీజిల్ వాసన ముక్కుకి గట్టిగా తగులుతోందంటే డీజిల్ పడుతోంది కానీ మండడం లేదు. అప్పుడు వేగం, హీటర్ ప్లగ్‌లు, కంప్రెషన్, పంపు టైమింగ్, నాజిల్ తుంపర, వీటివైపు వెళ్లాలి. స్టార్ట్ అయ్యేటప్పుడు నల్లగా కక్కుతోందంటే గాలి తక్కువైంది లేదా డీజిల్ ఎక్కువైంది, ముందు ఎయిర్ క్లీనర్ తీసి చూడండి. ఈ ఒక్క చూపుతో సగం పని తీరిపోతుంది. పొగ చూడకుండా పంపు విప్పే మెకానిక్ చీకట్లో పనిచేస్తున్నట్టే.

ఒక జాగ్రత్త. తెల్ల పొగలో డీజిల్ వాసన లేదు, ఆవిరిలా ఉంది, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయంటే హెడ్ గాస్కెట్ నుంచి నీళ్లు సిలిండర్‌లోకి దిగుతున్నాయేమో చూడాలి. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ దబ్బున ఆగిపోతే మళ్లీ కొట్టొద్దు, తోయనూ వద్దు. నీళ్లు గాలిలా నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నాజిళ్లో హీటర్ ప్లగ్‌లో తీసి, పుల్లీని చేత్తో తిప్పి చూడాలి.

ఇప్పుడు వేగం సంగతి. మామూలుగా ఇంజన్‌ను సెల్ఫ్ మోటారు నిమిషానికి 200 చుట్ల పైన తిప్పాలి. వంద దగ్గరికి పడిపోతే చాలా ఇంజన్లు అందుకోవు. దీన్ని కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. క్రాంక్ పుల్లీ మీద సుద్దముక్కతో గీత గీయండి. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు బెల్టుకు దూరంగా నిలబడి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. గీత సెకనుకు మూడుసార్ల కన్నా ఎక్కువ తిరగాలి. రెండుసార్లు కూడా తిరగడం లేదంటే మీ లోపం కరెంటు వైపు ఉంది. పంపు జోలికి పోకండి.

కరెంటు వైపు అంటే వెంటనే "బ్యాటరీ మార్చండి" అంటారు. ఆగండి. బ్యాటరీ నిండుగా ఉంటే, బండి ఆగి కొన్ని గంటలయ్యాక మీటరులో 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12.2 అంటే సగమే ఉంది. ఇది కూడా పూర్తి నిజం చెప్పదు, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంతకు పడుతోందో చూడాలి. తొమ్మిదిన్నర వోల్టుల కన్నా కిందికి పడితే ముందు బ్యాటరీని నిండుగా చార్జ్ చేయండి, మళ్లీ చూడండి. అప్పటికీ పడుతుంటే బ్యాటరీ అయినా బలహీనపడి ఉండాలి, సెల్ఫ్ మోటారైనా ఎక్కువ లాగుతూ ఉండాలి.

పడకుండా పదిన్నర దగ్గర నిలబడి, అయినా ఇంజన్ ఈడుస్తూ తిరుగుతోందా? అప్పుడు మధ్యలో కరెంటును ఎవరో తినేస్తున్నారు. డీజిల్ సెల్ఫ్ మోటారు లాగేది కొన్ని వందల ఆంపియర్లు. 300 ఆంపియర్లు అనుకుందాం. దారిలో ఎక్కడో తుప్పు వల్ల ఓమ్‌లో నూరోవంతు అడ్డు ఉన్నా మూడు వోల్టులు అక్కడే పోతాయి. మోటారుకి దక్కేది ఏడున్నర. కొత్త బ్యాటరీ పెట్టినా ఆ మూడు వోల్టులు మళ్లీ అక్కడే పోతాయి.

కాబట్టి మీటరును ఇలా పెట్టండి. ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్ పోస్టు మీద పెట్టండి, పైనున్న క్లాంపు మీద కాదు. నల్ల వైరు సెల్ఫ్ మోటారు మీది పెద్ద బోల్టు మీద పెట్టండి. ఇంజన్ స్టార్ట్ కాకుండా పంపు సోలినాయిడ్ (డీజిల్ దారి తెరిచి మూసే కరెంటు వాల్వ్) వైరు లాగేయండి, ఇన్‌లైన్ పంపైతే స్టాప్ లివర్ పట్టుకోండి. ఇప్పుడు సెల్ఫ్ కొడితే మీటరులో అర వోల్టు మించకూడదు. తర్వాత బ్యాటరీ మైనస్ పోస్టుకీ ఇంజన్ బ్లాకుకీ మధ్య చూడండి, అది పావు వోల్టు లోపు ఉండాలి. పాత పికప్‌లలో ఎక్కువగా దొరికిపోయేది ఈ రెండోదే. ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే అల్లిక తీగ, అదే ఎర్త్ పట్టీ, ఇరవై ఏళ్ల బురద, తుప్పు మధ్య నలిగిపోయి నాలుగు పోగుల మీద వేలాడుతుంటుంది. సముద్రం పక్క ఊళ్లలో చేపల లోడు తోలే బండ్లలో అయితే ఐస్ కరిగిన ఉప్పునీరు కారి ఇంకా త్వరగా పోతుంది. ఒక పట్టీ, ఒక ఉప్పుకాగితం ముక్క, అరగంట పని. వైర్లన్నీ బాగుండి మోటారే నెమ్మదిగా ఉంటే అప్పుడు దించి కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు, సెల్ఫ్ సోలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు చూడండి.

(ఒక విద్యార్థి: సార్, ఆయిల్ చిక్కదనం వల్ల కూడా నెమ్మదిగా తిరుగుతుందా?)

తిరుగుతుంది. మైదానంలో పెద్దగా తెలియదు. కానీ డిసెంబరు, జనవరిలో లంబసింగి, అరకు వైపో, ఆదిలాబాద్ వైపో రాత్రి ఆపిన బండిలో చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ ఉంటే తేడా చెవికి వినిపిస్తుంది. కంపెనీ ఒప్పుకున్న చోట కాస్త పలచటి 15డబ్ల్యూ-40 మేలు. ఇంకో సంగతి, చలిలో బ్యాటరీ బలం కూడా తగ్గుతుంది. కంప్రెషన్ కాస్త తగ్గిన ఇంజన్ విజయవాడలో ఏ తేడా లేకుండా నడుస్తూ, కొండమీద ఒక్క రాత్రి ఉంటే బయటపడిపోతుంది. కొండకి వెళ్లినందువల్ల అది చెడిపోలేదు. ముందునుంచీ ఉన్న లోటు అక్కడ కనిపించిందంతే.

ఇక నేను ఎక్కువసేపు మాట్లాడదలుచుకున్న చోటికి వస్తున్నాను: డీజిల్ వెనక్కి జారిపోవడం. రాత్రి బాగా నడిచి ఆగిన బండి. పొద్దున సెల్ఫ్ కొడితే బ్రహ్మాండంగా తిరుగుతుంది, పొగ మాత్రం లేదు. ఇరవై, ముప్పై సెకన్లు తిప్పాక తెల్లగా కొంచెం పొగ, రెండు సిలిండర్లు అందుకుని కుంటుతాయి, తర్వాత నాలుగూ అందుకుంటాయి. ఇక రోజంతా ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్. ఇలా చెప్పారంటే నూటికి తొంభైమంది మెకానిక్‌లు పంపు మీద అనుమానపడతారు. నేను అయితే పైపుల మీద పడతాను. ట్యాంకు కింద ఉంటుంది, పంపు పైన ఉంటుంది. దారిలో ఎక్కడైనా సన్నటి సందు ఉంటే రాత్రంతా దానిలోంచి ఎయిర్ దూరుతూ, డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున పంపుకి దొరికేది గాలి.

దీన్ని తేల్చుకోవడానికి ఏమీ విప్పనక్కర్లేదు. మొదటి ఉపాయం: రాత్రి బండిని ముందుభాగం పల్లంలో, ట్యాంకు ఎత్తులో ఉండేలా ఆపండి, చక్రాలకు రాళ్లు పెట్టి. ఆ పొద్దున ఇబ్బంది లేకుండా స్టార్ట్ అయితే జారిపోవడమే కారణం. రెండోది: పొద్దున సెల్ఫ్ ముట్టుకోకముందే, ఫిల్టర్ మీదో, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీదో ఉండే చేతి పంపు కొట్టండి. రాత్రి డీజిల్ నిలిచి ఉంటే త్వరగానే గట్టిపడుతుంది. చాలాసేపు మెత్తగా దిగుతూ, తర్వాత గట్టిపడి, అప్పుడు సెల్ఫ్‌కి వెంటనే అందుకుంటే మీ అనుమానం నిజమే.

సందు ఎక్కడుందో పట్టుకోవడానికి తెల్లటి, లోపల కనిపించే డీజిల్ పైపు ముక్క వాడండి. ఫిల్టర్ ముందొకటి, ఫిల్టర్ తర్వాతొకటి, మిగిలిన డీజిల్ ట్యాంకుకి తిరిగెళ్లే రిటర్న్ లైనులో ఒకటి. ఇంజన్ నడుస్తుండగా బుడగలు ఫిల్టర్ ముందే కనిపిస్తే సందు ట్యాంకు వైపు ఉంది. ముందు లేకుండా తర్వాత కనిపిస్తే ఫిల్టర్ ఓ-రింగ్, చేతి పంపు డయాఫ్రమ్, బ్యాంజో బోల్టు రాగి వాషర్లు చూడండి. ఇంకా గట్టిగా తేల్చాలంటే ఒక శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి పంపు కన్నా ఎత్తులో కట్టి, పంపుకి నేరుగా ఆ పైపు ఇవ్వండి. రాత్రంతా అలాగే ఉంచి పొద్దున ఒక్క సెల్ఫ్‌కి స్టార్ట్ అయితే పంపు మీద అనుమానం అక్కర్లేదు, లోపం ట్యాంకుకీ పంపుకీ మధ్యే ఉంది. పంపు దించడానికి ముందు ఈ డబ్బా పరీక్ష చేయని వాళ్ల చేతికి మీ బండి ఇవ్వకండి అన్నా, గట్టిగానే చెబుతున్నాను.

"డీజిల్ ఎక్కడా కారడం లేదు కదా, ఎయిర్ ఎలా వస్తుంది" అని అడుగుతారు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపు నడిచేటప్పుడు లాక్కుంటూ ఉంటుంది. అక్కడ సందు ఉంటే బయటికి డీజిల్ రాదు, లోపలికి గాలి వెళుతుంది. తడి కనిపించకపోవడం అక్కడ మంచి గుర్తు కాదు. ట్యాంకు లోపలి సక్షన్ పైపు తుప్పుకి చిల్లి పడటం ఇంకో రకం. ట్యాంకు నిండుగా ఉంటే ఆ చిల్లి డీజిల్ కింద మునిగి ఉంటుంది, ఏ ఇబ్బందీ ఉండదు. సగం కిందికి దిగితే చిల్లి పైకి తేలుతుంది. ట్యాంకు నింపినప్పుడల్లా బండి బాగుపడిందని మీకు అనిపిస్తుంటే ఆ పైపు బయటికి తీసి చూడండి.

అన్నిటికన్నా చిన్నది, అందరూ మర్చిపోయేది ఒకటుంది. నాజిళ్ల మీద ఒకదాన్నుంచి ఒకదానికి వెళ్లే, మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపే సన్నటి లీక్-ఆఫ్ రబ్బరు పైపులు, చివరి నాజిల్ మీద ఉండే చిన్న రబ్బరు టోపీ. అవి ఇంజన్ వేడికి ఎండి పగులుతాయి, అక్కడనుంచీ ఎయిర్ దూరుతుంది. పంపు ఓవర్‌హాల్ చేయించి, బిల్లు కట్టి, అయినా పొద్దున అదే బాధతో వచ్చిన ఒక పాల బండిని నేను చూశాను. చివరి నాజిల్ టోపీ వేలు తగలగానే ఊడి వచ్చింది. పైపులు, టోపీ మార్చాక తర్వాతి పొద్దున మామూలుగా స్టార్ట్ అయింది. ఆ యజమాని ఖర్చు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, అందుకే ఈ ప్రసంగంలో ఎక్కువ టైము దీనికే ఇస్తున్నాను.

పాత రబ్బరు గురించి ఇంకో మాట. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 డీజిల్ వచ్చింది. దానిలో సల్ఫర్ పది లక్షల పాళ్లలో పది పాళ్లే, అంతకుముందు బీఎస్-4లో యాభై ఉండేది. గాలికి ఇది మంచిదే. అయితే సల్ఫర్ తీసే క్రమంలో డీజిల్‌లోని కొన్ని ఇతర పదార్థాలు కూడా తగ్గుతాయి. వాటికి అలవాటుపడి ఉబ్బి ఉన్న పాత నైట్రైల్ సీళ్లు కుదించుకుపోయి కారే అవకాశం ఉంటుంది. పదిహేను, ఇరవై ఏళ్ల సీళ్లు ఉన్న పంపు బయట తడిగా కనిపిస్తే సీల్ కిట్ చాలేమో చూడండి, మొత్తం పంపు పోయిందని అనుకోవద్దు.

రోటరీ పంపులకు, మనవాళ్లు ఇప్పటికీ మైకో పంపు అనే వాటికి, మీద ఒక స్టాప్ సోలినాయిడ్ ఉంటుంది. కీ ఆన్ చేయగానే టిక్ అంటుంది, డీజిల్ దారి తెరుస్తుంది. టిక్ లేకపోతే పొగ ఉండదు, స్టార్ట్ కాదు. కానీ దీన్లో ఒక విచిత్రం ఉంది. కొన్ని బండ్లు సెల్ఫ్ కొడుతున్నంతసేపూ అందుకోవు, కీ వదిలిన క్షణంలో ఒక్కసారి అందుకుంటాయి. డ్రైవర్లు దానికి అలవాటు పడిపోయి కొట్టడం, వదలడం, కొట్టడం, వదలడం చేస్తుంటారు. అక్కడ కీ స్విచ్ లోపలి కాంటాక్టు అరిగి, స్టార్ట్ స్థానంలో సోలినాయిడ్‌కి కరెంటు అందకుండా ఆగిపోతోంది. సోలినాయిడ్ వైరుకి ఒక 12 వోల్టుల బల్బు తగిలించి సెల్ఫ్ కొట్టండి. బల్బు ఆరిపోతే విషయం తేలిపోయినట్టే. ఇన్‌లైన్ పంపు ఉన్న బండ్లలో స్టాప్ కేబుల్ తుప్పు పట్టి సగంలో ఆగిపోతుంది, లివర్ పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో కంటితో చూడండి.

హీటర్ ప్లగ్‌లు. ప్యూజో ఎక్స్‌డీపీ లాంటి ప్రీ-చాంబర్ ఇంజన్లకు ఇవి తప్పనిసరి. ఆ చిన్న గది గోడలు వేడిని తినేస్తాయి కాబట్టి ప్లగ్‌లు లేకుండా చల్లటి ఇంజన్ అందుకోదు. డైరెక్ట్ ఇంజెక్షన్ వాటిలో కొన్నిటికి ఉంటాయి, కొన్నిటికి ఉండవు, మీ ముందున్న బండి చూసి తెలుసుకోండి. పరీక్ష సులువే. ప్లగ్‌లన్నిటినీ కలిపే పట్టీ తీసేయండి, టెస్ట్ ల్యాంప్ ఒక కొన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొన ఒక్కో ప్లగ్ మొనకి. వెలిగితే లోపలి తీగ తెగలేదు. నాలుగూ వెలిగాక కూడా పట్టీకి కరెంటు రావడం లేదంటే రిలే, ఫ్యూజు చూడండి. ఒక ప్లగ్ పోతే ఒక సిలిండర్ ఆలస్యంగా అందుకుంటుంది, కాసేపు కుంటి తెల్ల పొగ వదులుతుంది.

వేడి మీద మొరాయించే బండి వేరే జాతి. పొద్దున బాగా స్టార్ట్ అవుతుంది, మధ్యాహ్నం ఎండలో అరగంట ఆపి మళ్లీ కొడితే కాదు, చల్లారాక అవుతుంది. సెల్ఫ్ వేగం బాగుంటే, పొగ లేకపోతే, ఇక్కడ మాత్రం రోటరీ పంపు హెడ్డు, రోటర్ అరిగాయని అనుమానించాలి. వేడికి డీజిల్ పలచబడుతుంది, అరిగిన సందుల్లోంచి లోపలే జారిపోతుంది, నాజిల్ తెరిచేంత ఒత్తిడి రాదు. తడిగుడ్డ పంపు మీద కప్పి, కాసేపాగి కొట్టండి. అందుకుంటే అనుమానం బలపడినట్టే. కాలుతున్న పంపు మీద బకెట్‌తో చల్లటి నీళ్లు గుమ్మరించకండి, లోపలి భాగాలు పట్టేయొచ్చు. ఈ పంపుకి డీజిలే ఆయిల్, వేరే ఆయిల్ లేదు. కిరోసిన్ కలిపిన డీజిల్‌గానీ, నీళ్లు చేరిన డీజిల్‌గానీ దాన్ని ఇలా అరగదీస్తాయి. ఫిల్టర్ కింద నీళ్లు వదిలే స్క్రూ కంపెనీ ఊరికే పెట్టలేదు.

ఇవన్నీ దాటాక, తెల్ల పొగ వస్తూ, వేగం బాగుండి, హీటర్లు బాగుండి ఇంకా కష్టపడుతుంటేనే కంప్రెషన్. అక్కడ కూడా ముందు ట్యాపెట్ గ్యాపులు, అంటే వాల్వ్‌ల దగ్గర వదిలే సన్నటి సందులు. గ్యాపు మరీ తక్కువైతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, గాలి జారిపోతుంది, సరిచేస్తే ఇంజన్ మళ్లీ మనదవుతుంది. నాజిళ్లు తీసి టెస్టర్ మీద పెట్టండి. ప్రీ-చాంబర్ వాటికి సుమారు 115 నుంచి 150 బార్, డైరెక్ట్ ఇంజెక్షన్ వాటికి 200 పైన తెరుచుకోవాలి. తుంపరగా కొట్టాలి, చుక్కలు కారకూడదు. అవి బయట ఉండగానే డీజిల్ గేజీతో కంప్రెషన్ చూడండి, పెట్రోల్ గేజీ పగిలిపోతుంది. బాగున్న ఇంజన్ 25 నుంచి 30 బార్ దాకా చూపిస్తుంది. ఇరవై కిందికి వస్తే చల్లగా స్టార్ట్ కావడం కష్టం. ఒక సిలిండర్‌కీ ఇంకోదానికీ నాలుగైదు బార్‌లు తేడా ఉంటే ఆ సిలిండర్ సంగతి తేల్చాలి. ఆ బండి మాన్యువల్‌లో రాసిన సంఖ్యే ఆఖరి మాట. ఆయిల్ మూత తీస్తే బుస్సుమని గ్యాస్ కొడుతూ, ఈ సంఖ్యలు కూడా తగ్గి ఉంటే, అప్పుడు ధైర్యంగా "ఇంజన్ పని చేయించాలి" అని యజమానితో చెప్పండి. గేజీ ఆయనకు చూపించి చెప్పండి.

(ఒక డ్రైవర్: సార్, మాకు రోడ్డు మీద ఆగిపోతే పెట్రోల్ గుడ్డ గాలి గొట్టం దగ్గర పెడతారు. వెంటనే అందుకుంటుంది.)

అందుకుంటుంది అన్నా. కానీ పెట్రోల్ ఆవిరిగానీ, స్ప్రేలో వచ్చే ఈథర్‌గానీ పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పేలుతుంది. రింగులు విరుగుతాయి, పిస్టన్ అంచులు రాలుతాయి. హీటర్ ప్లగ్ ఎర్రగా ఉన్న ఇంజన్‌లోకి వెళితే గాలి గొట్టంలోనే మంట రావచ్చు, గుడ్డ పట్టుకున్న చేతులు కాలతాయి. ఇవాళ ఒక కిరాయి దక్కుతుంది, కొన్నాళ్లకు ఇంజన్ విప్పాల్సి వస్తుంది. రోడ్డు మీద ఆగితే చేతి పంపు కొట్టండి, నాజిల్ దగ్గర పైపు నట్టు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టి ఎయిర్ పోనివ్వండి, బుడగలు లేని డీజిల్ రాగానే బిగించండి. ఆ నట్టు దగ్గర చెయ్యి, మొహం పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరుతుంది. చిన్న గాటులా కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో ఉండదు, కానీ వేలు తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సెల్ఫ్ కూడా ఒక్కసారికి పది, పదిహేను సెకన్లే, తర్వాత నిమిషం ఆగండి, లేకపోతే మోటారు కాలుతుంది.

(ఒక విద్యార్థి: సార్, కామన్ రైల్ బండిలో కూడా నట్టు వదులు చేసి ఎయిర్ తీయొచ్చా?)

వద్దమ్మా, ఎప్పుడూ చేయొద్దు. అక్కడ రైలులో, అంటే నాజిళ్లన్నిటికీ డీజిల్ పంచే గొట్టంలో, ఒత్తిడి వెయ్యి బార్‌లు దాటుతుంది. ఆ బండికి స్కానర్ పెట్టి రైలు ఒత్తిడి చదవాలి, పైపు ముట్టుకోకూడదు. నేను చెప్పిన బ్యాటరీ, ఎర్త్ పరీక్షలు దానికీ పనికొస్తాయి, డీజిల్ వైపు పరీక్షలు మాత్రం పాత పంపు బండ్లకే.

ఇప్పుడు షెడ్డులోకి వెళదాం. అక్కడున్న పికప్ నిన్న సాయంత్రం నుంచి కదల్లేదు, ఇంజన్ చల్లగా ఉంది. ఎవరూ ముందే వెళ్లి సెల్ఫ్ కొట్టకండి. ఇద్దరు సైలెన్సర్ దగ్గర నిలబడండి, ఒకరు పుల్లీ మీద గీత గీసి ఫోన్ పట్టుకోండి, ఒకరు మీటరు బ్యాటరీ మీద పెట్టండి. చేతి పంపు ఎంతసేపు మెత్తగా దిగిందో ఒకరు చూసి చెప్పండి, ఆ తర్వాతే కీ తిప్పుదాం.